కైరవాన్ ప్రాంగణంలో వాన నీళ్ళు

మా నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసిన రోజుల్లో ములుగు, నర్సంపేట వైపు చెరువుల తూములు, మత్తడులు చూడటానికి వెళుతూ సెలవు రోజుల్లో నన్నూ స్కూటర్ మీద ఎక్కించుకొనేవారు. పాలంపేటకు వెళ్ళినప్పుడల్లా ముందు రామప్ప చెరువు కట్ట ఎక్కించి, తూము దగ్గర కాసేపు నిలబెట్టి, ఆ తరువాతే గుడికి తీసుకువెళ్ళేవారు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడినీ ఆ చెరువునూ కూడా కట్టించాడనీ, ఒకటి చూసి రెండోది చూడకుండా తిరిగి వస్తే సగమే చూసినట్టనీ ఆయన చెప్పేవారు. ఆ అలవాటు నాలో ఎంతగా నాటుకుపోయిందంటే, ఏ ప్రార్థనా స్థలానికి వెళ్ళినా నా కళ్ళు ముందు నీళ్ళ జాడనే వెతుకుతాయి. మా అమ్మాయి ఉద్యోగరీత్యా ట్యూనిస్ నగరంలో ఉంటోంది. నిరుడు మే నెలలో తన దగ్గరికి వెళ్ళి మూడు వారాలు ట్యునీషియా అంతా తిరిగినప్పుడు, ఆ అలవాటే నాకు దారి చూపింది.

మొదట చూసింది జగ్వాన్ కొండ. ట్యూనిస్‌కు దక్షిణాన ఉన్న ఈ కొండ పాదం దగ్గర ఊట నీరు పైకి వచ్చే చోట రోమన్లు ఒక గుడి కట్టారు; దాన్ని ఇప్పటికీ జల దేవాలయమనే పిలుస్తారు. అర్ధచంద్రాకారంలో వంగిన గోడలో పన్నెండు గూళ్ళున్నాయి, వాటిలోని విగ్రహాలు మాత్రం ఎన్నడో పోయాయి. గోడ ముందు నీళ్ళు నిలిచే తొట్టి ఒకటి ఉంది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే క్రీ. శ. 2వ శతాబ్దంలో, ఇక్కడి నీటిని కార్తేజ్ నగరానికి తీసుకుపోవడానికి సుమారు 132 కిలోమీటర్ల కాలువ వేశారు. కొండల దగ్గర నేలలోపలా, పల్లం వచ్చిన చోట ఎత్తైన కమానుల మీదా సాగిన ఆ కాలువ శిథిలాలు ట్యూనిస్ వెళ్ళే దారి పక్కన ఇప్పటికీ వరుసగా నిలబడి కనిపిస్తాయి. దేవాదుల ఎత్తిపోతల పైపులు చూసిన మనకు నీటిని అంత దూరం తరలించడం వింత కాకపోవచ్చు. కానీ మోటారు అన్నదే లేకుండా, కేవలం వాలును నమ్ముకొని అంత దూరం నీరు పారించినవారు మొదలు పెట్టే చోట గుడి కట్టుకున్నారన్న సంగతి నన్ను చాలాసేపు అక్కడే కూర్చోబెట్టింది.

ఆ నీళ్ళు చేరిన కార్తేజ్‌లో సముద్రపు ఒడ్డున ఆంటొనైన్ స్నానశాలల శిథిలాలున్నాయి. నిజం చెప్పాలంటే అక్కడ మిగిలింది చాలావరకు కింది అంతస్తు మాత్రమే కాబట్టి, ముందే కొంత చదువుకొని వెళ్ళకపోతే రాళ్ళ గుట్టలుగానే కనిపిస్తాయి. ఎల్ జెమ్‌లోని 3వ శతాబ్దపు రంగస్థలం అలా కాదు. సుమారు 35,000 మంది కూర్చోగల ఆ కట్టడం చిన్న పట్టణం నడుమ ఒక్కసారిగా ఎదురవుతుంది. ఒలీవ నూనె వ్యాపారంతో వచ్చిన సంపదే దాన్ని కట్టించింది. అది తప్పక చూడవలసినదే అయినా, నా మనసు మాత్రం కైరవాన్ దగ్గరే ఆగిపోయింది.

ట్యూనిస్ నుంచి కైరవాన్ సుమారు 160 కిలోమీటర్లు. లువాజ్ అని పిలిచే షేర్ వ్యానులో వెళ్ళాము. మన దగ్గర షేర్ ఆటో నిండితే గానీ కదలనట్టే అదీ సీట్లు నిండేదాకా కదలదు. క్రీ. శ. 670లో ఉక్బా ఇబ్న్ నాఫీ అనే అరబ్ సేనాని ఈ ఊరినీ, ఇక్కడి పెద్ద మసీదునూ స్థాపించాడు. ఇప్పుడు మనం చూస్తున్న మసీదు చాలావరకు 836లో అగ్లబీ వంశపు పాలకుడు జియాదతుల్లా తిరిగి కట్టించినది. బయటి నుంచి చూస్తే అది ప్రార్థనా మందిరంలా కాక కోటలా ఉంటుంది: బలమైన ఆనుడు గోడలు, తక్కువ కిటికీలు, మూడంతస్తులుగా పైకి పోతున్నకొద్దీ సన్నబడే నలుపలకల మినారు. మినారు అడుగున లాటిన్ అక్షరాలు చెక్కిన రాళ్ళున్నాయి. లోపల, వెలుపల కలిపి 500కు పైగా స్తంభాలున్న ఆ మసీదులో చాలా స్తంభాలు కార్తేజ్ వంటి పాత రోమన్, బైజాంటైన్ నగరాల నుంచి తెచ్చినవే కావడం వల్ల, ఒకదాని తల ఒకలా, ఇంకొకదాని తల ఇంకోలా ఉండి, పక్కపక్కనే నిలబడిన వేరు వేరు ఊళ్ళ చుట్టాల్లా కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టినవారికి చూపు పోతుందని అక్కడొక నమ్మకం ఉంది. మా హన్మకొండ వేయి స్తంభాల గుడిలో స్తంభాలు లెక్కపెట్టడం పిల్లలకు పెద్ద ఆట అని మా అమ్మాయి అక్కడివారికి చెబితే అందరూ ఆశ్చర్యపోయారు.

అయితే నేను ఎక్కువసేపు గడిపింది స్తంభాల మధ్య కాదు, ఎండకు మెరిసే ఆ విశాలమైన రాతి ప్రాంగణంలో. నడుస్తున్నప్పుడు తెలియదు కానీ, వంగి చూస్తే నేల నాలుగు వైపుల నుంచీ కొద్దిగా వాలి ఒకచోటికి చేరుతుంది. అక్కడ చెక్కిన పాలరాతి పలక ఒకటి ఉంది. వాన నీరు నేరుగా రంధ్రంలోకి పడిపోకుండా, ఆ పలక అంచుల్లో చెక్కిన చిన్న చిన్న మెట్ల లాంటి గళ్ళలో ఆగి, దుమ్మూ ఇసుకా అక్కడే వదిలి, తేరుకున్న నీరే నేల కింది తొట్టిలోకి దిగుతుంది. పక్కనే నీళ్ళు చేదుకొనే బావి మూతులున్నాయి. పాత స్తంభాల పీఠాలనే లోపల తొలిచి ఒరలుగా పెట్టారు. వాటి అంచుల మీద చేంతాడు ఒరుసుకొని పడిన గాళ్ళలో నా చూపుడు వేలు సగం దాకా దిగింది. "నాన్నా, ఇది అచ్చం మన ఊరి చేదబావి రాయిలాగే ఉంది" అని మా అమ్మాయి అంటే, "అవును బిడ్డా, అక్కడా మీ నానమ్మ చేతి తాడే అరగదీసింది" అన్నాను. ఆ ప్రాంగణానికి అంతకంటే గొప్ప శిల్పం అవసరం లేదనిపించింది.

ముస్లిములు కానివారిని ప్రార్థన మందిరం లోపలికి అనుమతించరు. తెరిచిన తలుపుల దగ్గర నిలబడి చూడవచ్చు. అలా గడప దగ్గర నిలబడే 9వ శతాబ్దపు మెరుపు పలకలు తాపిన మిహ్రాబునూ (మక్కా దిక్కును చూపే గూడు), దాని పక్కనున్న టేకు మింబరునూ చూశాను. ప్రవచనం కోసం ఇమాము ఎక్కే ఆ మెట్ల పీఠంలో 300కు పైగా చెక్కిన పలకలున్నాయి. ప్రపంచంలో మిగిలిన మింబర్లలో అదే అతి పాతదని చెబుతారు. టేకు ఆఫ్రికా ఉత్తర తీరంలో పెరిగే చెట్టు కాదు. ఆ కలప మన దేశం వైపు నుంచే ఓడల మీద వెళ్ళిందని చరిత్రకారులు భావిస్తున్నారని తెలిసినప్పుడు, టేకు అడవుల నడుమ పెరిగినవాడిగా నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఊరి అంచున అగ్లబీ జలాశయాలున్నాయి. 9వ శతాబ్దం నడుమ కట్టిన వీటిలో రెండు గుండ్రని తొట్లు పక్కపక్కనే ఉంటాయి: చిన్నదాని అడ్డుకొలత సుమారు 37 మీటర్లు, పెద్దదానిది సుమారు 128 మీటర్లు. వచ్చిన నీరు ముందు చిన్నదానిలో నిలిచి, పూడిక అడుగున వదిలి, ఆ తరువాతే పెద్దదానిలోకి పొర్లుతుంది. చెరువుల్లో పూడిక తీయించడానికి 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టుకున్న మనకు ఆ చిన్న తొట్టి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మా నాన్న బతికి ఉంటే పెద్ద తొట్టి ఫొటో కాదు, ఆ చిన్నదాని ఫొటోనే అడిగేవారు.

మదీనా అని పిలిచే కైరవాన్ పాత ఊరి సందుల్లో బిర్ బరూతా అనే బావి ఉంది. మెట్లెక్కి పై అంతస్తుకు వెళితే, కళ్ళకు గంతలు కట్టిన ఒంటె చక్రం చుట్టూ తిరుగుతూ నీళ్ళు తోడుతుంది. ఈ బావికి మక్కాలోని జంజం బావితో లోపల్లోపల సంబంధం ఉందని స్థానికుల విశ్వాసం. మోట బావులు చూసిన తరంవాడిని కాబట్టి ఆ పనితీరు చప్పున అర్థమైంది; కానీ ఆ ఇరుకు గదిలో ఒంటెను చూస్తే జాలేసింది, ఎక్కువసేపు ఉండలేకపోయాను.

చివరి వారం దక్షిణాన జెర్బా దీవిలో గడిపాము. నది అన్నదే లేని ఆ దీవిలో ఇస్లాంలోని ఒక చిన్న శాఖ అయిన ఇబాదీ ముస్లిములు కట్టుకున్న మసీదులు పొట్టిగా, తెల్లగా, ఏ నగిషీ లేకుండా ఉంటాయి. కొన్ని పూర్తిగా నేల లోపలే ఉంటాయి. సున్నం వేసిన కప్పుల మీదా, ముంగిళ్ళలో పడిన వానంతా పక్కనే ఉన్న తొట్లలోకి చేరుతుంది. ఫద్లూన్ మసీదులో ఇప్పుడు ప్రార్థనలు జరగవు కాబట్టి లోపలంతా నింపాదిగా తిరిగి చూడవచ్చు. ఇదే దీవిలో ఎల్ గ్రీబా అనే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. నీలిరంగు పలకల గోడలు, చెక్క స్తంభాలతో ఉన్న ఆ మందిరానికి ఏటా జరిగే యాత్రలో స్త్రీలు తమ కోరికలను కోడిగుడ్ల మీద రాసి లోపల ఒక గూటిలో ఉంచుతారు. మేడారంలో తల్లులకు నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చే మనకు ఆ మొక్కు కొత్తగా అనిపించదు. 2002లో, మళ్ళీ 2023లో అక్కడ దాడులు జరిగి మనుషులు చనిపోయారు. అందువల్ల తనిఖీ గట్టిగా ఉంటుంది. పాస్‌పోర్ట్ తప్పనిసరిగా వెంట ఉంచుకోండి.

వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. మసీదులకు భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకొని, పొద్దున్నే వెళ్ళండి. శుక్రవారం మాత్రం వద్దు. కైరవాన్‌లో ఖర్జూరపు గుజ్జు పెట్టి నూనెలో వేయించే మక్రూద్ అనే రవ్వ మిఠాయి దొరుకుతుంది, తప్పకుండా తినండి. ఇక నేను వెళ్ళింది ఎండాకాలం మొదట్లో కాబట్టి ప్రాంగణం రాళ్ళు కాలిపోతూ ఉన్నాయి, తొట్టిలోకి ఒక్క చుక్క కూడా దిగలేదు. ఆ దేశంలో వానలు చలికాలంలో పడతాయి. మబ్బు పట్టిన రోజున ఫోన్ చేస్తానని మా అమ్మాయి మాట ఇచ్చింది. డిసెంబరులో మళ్ళీ వెళ్ళి, ఆ పాలరాతి పలక పక్కన గొడుగు పట్టుకొని నిలబడి, నీళ్ళు నేల కిందికి దిగే చప్పుడు వినాలని ఉంది.