గంజాయి, భంగు, చరస్, లిక్విడ్ గంజాయి: ఏది ఏమిటి

విజయవాడ, గుంటూరు జిల్లా పేజీల్లో గంజాయి పట్టివేత వార్తలు తరచుగా కనిపిస్తున్నాయి. ఒకనాడు ఎండు గంజాయి అని, మరొకనాడు లిక్విడ్ గంజాయి అని, ఇంకొకనాడు గంజాయి చాక్లెట్లు అని రాస్తారు. ఇవన్నీ ఒకటేనా అన్న ప్రశ్న, ఫార్మసీ పాఠాలు చెప్పే నాకు, తరగతిలో కంటే అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గరే ఎక్కువగా ఎదురవుతోంది. మొక్క ఒకటే. అయితే అందులోని ఏ భాగం, ఎంత గాఢతతో, ఏ మార్గంలో శరీరంలోకి చేరుతోందన్న దానిని బట్టి ప్రభావం మారిపోతుంది.

మత్తునిచ్చే జిగురు ప్రధానంగా ఆడ మొక్క పూత మీది నూగులో తయారవుతుంది. ఆ పూత కంకులను ఎండబెడితే గంజాయి, జిగురును విడదీసి ముద్ద చేస్తే చరస్, సారాన్ని ద్రావకంతో లాగితే హాష్ ఆయిల్. మన పత్రికల లిక్విడ్ గంజాయి ఇదే. మామూలు గంజాయి కంటే ఎన్నో రెట్లు గాఢమైనది. ఆకు నూరి చేసేది భంగు. 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) పూతను, జిగురును నిషేధ నిర్వచనంలోకి తెచ్చి, పూతతో కలవని ఆకును, గింజను బయట ఉంచింది. ఉత్తరాదిన కొన్నిచోట్ల భంగు దుకాణాలకు లైసెన్సు ఉండడానికి కారణం అదే. గంజాయి విషయంలో కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. చిన్న పరిమాణమైతే శిక్ష ఉండదని కొందరు కుర్రవాళ్లు ధీమాగా చెబుతుంటారు కాని, దానికీ ఏడాది వరకు కఠిన కారాగారం, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

గుంటూరు వాళ్లం కనుక ఒక మాట: గోంగూరగా వండే గోగు మొక్క శాస్త్రనామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు చీలికలలో గంజాయి మొక్కతో (కన్నాబిస్) పోలిక వల్ల వచ్చిన పేరే తప్ప, రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు. పచ్చడి నిశ్చింతగా తినవచ్చు.

మత్తుకు మూలమైన టీహెచ్‌సీ అనే రసాయనాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫేల్ మెకౌలం, యెహియేల్ గావోని శుద్ధరూపంలో వేరుచేశారు. అదే మొక్కలోని మరో రసాయనం సీబీడీ ఆ విధమైన మత్తునివ్వదు. దానితో చేసిన ఒక మందును పిల్లల్లో వచ్చే తీవ్రమైన మూర్ఛవ్యాధులకు 2018లో అమెరికా ఆమోదించింది. అంతమాత్రాన ఆన్‌లైన్‌లో సర్వరోగ నివారిణిగా అమ్మే ప్రతి సీబీడీ నూనె ఆ మందుతో సమానమైపోదు. ఇక గంజాయి రకాల్లో సటైవా హుషారునిస్తుందని, ఇండికా నిద్ర తెస్తుందని చెప్పే వర్గీకరణను నేను లెక్కలోకి తీసుకోను. వృక్షశాస్త్రజ్ఞులు లినేయస్ 1753లో, లామార్క్ 1785లో మొక్కల రూపాన్ని చూసి పెట్టిన పేర్లవి. ఆ తరువాత సంకరాలు విస్తారంగా కలిసిపోయాయి. ప్రభావాన్ని అంచనా వేయాలంటే రసాయనాల పాళ్లు చూడవలసిందే.

పొగగా పీల్చినప్పుడు ప్రభావం నిమిషాల్లో మొదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కళ్లు ఎర్రబడతాయి, నోరు ఎండిపోతుంది, కాలం సాగినట్లనిపిస్తుంది, అప్పుడే విన్న మాట గుర్తుండదు. కొందరికి హాయికి బదులు విపరీతమైన భయం, అనుమానం కలుగుతాయి. తిన్నప్పుడు ప్రభావం అరగంట నుంచి రెండు గంటల వరకు ఆలస్యం కావచ్చు. కాలేయం టీహెచ్‌సీని మరింత బలమైన రూపంలోకి మారుస్తుంది కనుక, మొదలైన మత్తు చాలా గంటలు వదలదు. చాక్లెట్లతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది: ఏమీ కాలేదనుకుని రెండోది నోట్లో వేసుకుంటారు, తరువాత రెండూ కలిసి పనిచేస్తాయి.

అలవాటు పడేవారూ ఉంటారు. మానినప్పుడు చిరాకు, నిద్రలేమి వస్తాయి. టీనేజిలోనే మొదలుపెట్టి, గాఢత ఎక్కువైనది తరచుగా వాడేవారిలో సైకోసిస్ (భ్రమలు కలిగి వాస్తవంతో సంబంధం తెగే మానసిక స్థితి) ప్రమాదం పెరుగుతుంది. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి వాంతులు ఆగకుండా వచ్చి, వేడినీళ్ల స్నానంతో మాత్రమే కాసేపు తెరిపినిస్తాయి. ఈ లక్షణంతో ఆసుపత్రికి వెళ్లినవారు గంజాయి సంగతి దాచిపెడితే, కారణం తెలియక ఎండోస్కోపీల దాకా పోతుంది; మానేస్తే తగ్గే జబ్బు అది. మాన్పించడానికి సాయం కావాలంటే కేంద్రప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది.