తీసివేత లెక్కల దగ్గర ఓ పూట

ఈరోజు కాంప్లెక్స్ విజిట్, అంటే హైస్కూలు హెడ్మాస్టర్‌గా నేను మా కాంప్లెక్స్ కిందున్న చిన్న బడికి వెళ్లి చూసి రావాలి. మా హైస్కూల్లో ప్రేయర్ అయ్యాక టెన్త్ స్లిప్ టెస్టుల పని తోటి సార్‌కి అప్పజెప్పి బండి తీశాను. వెళ్లింది మా కాంప్లెక్స్‌లో అన్నిటికంటే దూరంగా ఉన్న ప్రాథమిక పాఠశాలకి. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలు కాబట్టి కాగితం మీద ఆ బడికి ఏ లోటూ లేదు. ఒకరు సెలవు పెట్టిన రోజు మాత్రం రెండో మనిషే ఐదు తరగతులూ చూసుకోవాలి, హాజరు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, వంట వాళ్లకి ఎంతమందో చెప్పాలి, మధ్యలో ఎవరికో మోకాలు గీసుకుపోతే అయోడిన్ రాయాలి. ఈరోజు సరిగ్గా అదే పరిస్థితి, ఉన్నది మేడం ఒక్కరే.

నన్ను చూడగానే మేడం చాక్‌పీస్ పక్కన పెట్టి బీరువా తెరిచారు. టీచింగ్ డైరీ, పాఠ్యప్రణాళికలు, తొలిమెట్టు (చిన్న తరగతుల చదువు, లెక్కల కార్యక్రమం) రిజిస్టర్, అన్నీ టేబుల్ మీదికి వచ్చేశాయి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆవిడ 2003 డీఎస్సీ, ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. పైనుంచి ఎవరైనా వస్తే ఇప్పటికీ ముందు కాగితాలే చూపించాలనిపిస్తోందంటే, ఇన్నేళ్ల తనిఖీలు ఆవిడకి నేర్పింది అదే అన్నమాట. "అవి తర్వాత చూద్దాం మేడం, మీరు పాఠం కానివ్వండి" అని వెళ్లి మూడో తరగతి పిల్లల పక్కన కింద కూర్చున్నాను.

నా పక్కన ఉన్న పాప నోటు బుక్కు తీసుకున్నాను. తీసివేతలు. 58లో నుంచి 23 తీస్తే 35, టిక్కు. 52లో నుంచి 27 తీస్తే 35, ఇంటు. 64లో నుంచి 38 తీస్తే 34, ఇంటు. 71లో నుంచి 46 తీస్తే 35, మళ్లీ ఇంటు. ఇలా చేసిన పిల్లలకి లెక్కలు రావని రాసేయడం చాలా తేలిక. కానీ కాసేపు చూస్తే తెలుస్తుంది, పాప ఎక్కడా తడబడలేదు. ఒకే పద్ధతి పట్టుకుని అన్నీ చేసింది. "ఇది ఎట్ల చేసినవ్ బిడ్డా?" అని అడిగితే ఏమాత్రం జంకకుండా చెప్పింది: "రెండులకెల్లి ఏడు పోదు గద సార్, అందుకే ఏడులకెల్లి రెండు తీసిన."

ఎంత చక్కగా చెప్పింది! చిన్నదాంట్లోంచి పెద్దది పోదని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. ఆ మాటే పట్టుకుంది.

ఇంటర్వెల్‌లో మేడంకి ఆ పేజీ చూపించి, పాప చెప్పింది చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా వెళ్లి మిగతా నోటు బుక్కులన్నీ తెచ్చి నేల మీదే పరిచారు. ఇద్దరం కూర్చుని వేరు చేశాం. కొందరిది అచ్చం ఈ పాప పద్ధతే. ఇద్దరు ముగ్గురు పక్కనుంచి పది తెచ్చుకుంటున్నారు గానీ పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మర్చిపోతున్నారు, వాళ్లకి 52లో 27 పోతే 35 వస్తోంది. జవాబు అదే 35, కానీ జబ్బు వేరు! ఈ సంగతి పట్టింది మేడమే, నేను కాదు. "వీళ్లందర్నీ ఒక్క గ్రూపులో పెట్టి చెప్తున్నాను సార్ ఇన్నాళ్లూ, ఇప్పుడు విడదీస్తా" అన్నారు.

ఇంటర్వెల్ అయ్యాక మిగతా నాలుగు తరగతులకీ తలా ఒక పని ఇచ్చి, మూడో తరగతి వాళ్లని వరండాలో కూర్చోబెట్టాం. చీపురు పుల్లలు పదేసి కలిపి రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు. ముందు నేను ఒక లెక్క చేయించాను, మేడం చూశారు. తర్వాత ఆవిడ చేయించారు, నేను చూశాను. ఇందాకటి పాప ఏడు పుల్లలు ఇవ్వడానికి రెండే ఉన్నాయని కాసేపు అటూ ఇటూ చూసి, "కట్ట ఇప్పాలె!" అని అరిచింది. ఇప్పాక మిగిలినవి నాలుగు కట్టలేనని తనే లెక్కబెట్టి చెప్పింది. ఆ తర్వాత మేడం గొంతే మారిపోయింది, నేనున్నానన్న సంగతి కూడా మర్చిపోయి చెప్పారు.

వచ్చే ముందు ఆన్‌లైన్ ఫారం నింపాలి కదా. పాఠ్యప్రణాళిక ఉందా, బోధనోపకరణాలు వాడారా, ఎంతమంది పిల్లలు ధారాళంగా చదువుతున్నారు. అవన్నీ అవసరమే, కాదనను. 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలైనప్పుడు ఒకటి నుంచి ఐదు వరకు ప్రతి బిడ్డకీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని పెట్టుకున్న లక్ష్యం మీద నాకు నిజంగా గురి ఉంది. కానీ ఈరోజు ఆ బడిలో జరిగిన అసలు పని రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు. ఆ టీచర్‌కి ఏం సాయం కావాలి, మళ్లీ వచ్చినప్పుడు ఏం చూడాలి, ఈ రెండూ అందులో ఉండాలి. పోయినసారి విజిట్‌లో ఏమనుకున్నారో తెలియకుండా వచ్చిన అధికారి ప్రతిసారీ కొత్తవాడే.

స్కూల్ కాంప్లెక్స్ అనే ఆలోచన 1964-66 నాటి కొఠారి కమిషన్‌ది. చుట్టుపక్కల చిన్న బడులకి హైస్కూలు అండగా ఉండాలన్నది దాని ఉద్దేశం. 1980ల్లో ఏపీపెప్ అని బ్రిటిష్ సాయంతో ప్రాథమిక విద్య పథకం వచ్చింది. అప్పుడు టీచర్ సెంటర్లలో పంతుళ్లంతా కలిసి మాదిరి పాఠాలు చెప్పుకుని వాదించుకునేవారని మా సీనియర్లు ఇప్పటికీ ఇష్టంగా చెప్తారు. ఇప్పుడు మా కాంప్లెక్స్ మీటింగుల్లో సగం సమయం పై నుంచి వచ్చిన సర్క్యులర్లు చదవడానికే పోతోంది.

అధికారుల్ని తిట్టడం తేలికే గానీ వాళ్ల బాధ కూడా చెప్పాలి. ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్ల ఉమ్మడి సర్వీసు రూల్స్ గొడవ కోర్టుల్లో నలిగి, ఏళ్ల తరబడి చాలా మండలాల్ని ఇన్‌ఛార్జి ఎంఈఓలే (మండల విద్యాధికారులు) నడిపారు. వాళ్లు కూడా నాలాంటి హెడ్మాస్టర్లే, సొంత బడి ఒక చేత్తో, మండలం ఇంకో చేత్తో. సీఆర్పీలు, అంటే కాంప్లెక్స్‌లో బడులకి సాయంగా పెట్టిన రిసోర్స్ పర్సన్లు, తెలివైన పిల్లలు, పాఠం చెప్పగలరు, కానీ వాళ్ల రోజంతా డేటా ఎంట్రీకే పోతుంది. తరగతి గదిలో గంట కూర్చునే తీరిక ఎవరికి మిగిలింది?

మధ్యలో మేడం టెట్ (టీచర్ అర్హత పరీక్ష) సంగతి తీశారు. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, టెట్ లేకుండా ఉద్యోగంలో చేరి, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. రాత్రి ఇంటి పని అయ్యాక పుస్తకం పడుతున్నారట. టీచర్ స్థాయి చూడొద్దని నేననను, పేద పిల్లల చదువు కదా, ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సిందే. కానీ ఈరోజు నేల మీద పరిచిన ఆ నోటు బుక్కులు చూసి రెండు రకాల 35లు విడదీసిన తెలివి ఏ ఓఎంఆర్ షీట్‌లో పడుతుంది? పైగా మార్కులు వేసే చెయ్యి, సాయం చేసే చెయ్యి ఒకటే అయితే టీచర్ తన ఇబ్బంది నోరు విప్పి చెప్పరు. తప్పు దొరుకుతుందేమోనని తమకి బాగా వచ్చిన పాఠమే మళ్లీ చెప్పి చూపిస్తారు. నాకు అధికారం ఉంటే ఈ రెండు పనులూ వేర్వేరు మనుషులకి ఇస్తాను, కాంప్లెక్స్ హెడ్మాస్టర్‌కి సాయం పని మాత్రమే ఉంచుతాను.

వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఈ తీసివేత పాఠం చెప్పమని మేడంని అడిగాను. పిల్లలు లేకుండా ఉత్తుత్తి పాఠం చెప్పనన్నారు, న్యాయమే. మీటింగ్‌ని ఆవిడ బడిలోనే పెట్టుకోవడానికి ఎంఈఓ గారి పర్మిషన్ కావాలి, రేపు ఫోన్ చేయాలి. సర్క్యులర్లు ముందురోజే వాట్సాప్‌లో పంపేస్తే మధ్యాహ్నం వరకు సమయం దొరుకుతుంది. అందరూ తమ మూడో తరగతి నోటు బుక్కులు తెచ్చుకోమని కూడా గ్రూపులో పెట్టాలి, దిద్దినవే తెమ్మనాలి.