సగం కార్డు పోయింది

పదకొండున్నర దాటింది. ఇల్లంతా పడుకుంది. నాకు మాత్రం సాయంత్రం నాన్న అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. "స్పీకర్లు పోయినట్టున్నాయమ్మా, కొత్తవి తెప్పించేద్దాం."

స్పీకర్లకేం కాలేదు. ముందు ఆ చిరాకు కక్కేస్తే గానీ మిగతాది రాయలేను.

మధ్యాహ్నం కంప్యూటర్ తనకి తాను అప్‌డేట్ చేసుకుంది. లేచేసరికి మూగది. కీబోర్డు మీద సౌండు పెంచే మీట నొక్కితే తెర మీద అంకె వందకి పోతోంది. స్పీకర్ల లైటు వెలుగుతోంది. ఏ ప్రోగ్రాముకి ఎంత సౌండో చూపించే వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే అక్కడ గీత ఎగిరెగిరి పడుతోంది కూడా. అంటే దాని మానాన అది పాడేస్తూనే ఉంది, వినపడనిది మాకే. చిన్నది వచ్చి రీస్టార్ట్ కొట్టమంది. ఈయన వచ్చి వైరు పీకి, ఊది, మళ్ళీ పెట్టారు. ఊదితే ఏమొస్తుందో ఆయనకే తెలియాలి.

ఇంతా చేస్తే, అవుట్‌పుట్ అన్నచోట స్పీకర్లకి బదులు మానిటర్ పేరుంది. మా మానిటర్‌కి స్పీకర్లే లేవు! హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మతో పాటు పాట కూడా పోతుంది. మానిటర్ వెనకాల ఇయర్‌ఫోన్స్ గుచ్చుకునే రంధ్రం ఒకటుంది కాబట్టి "పాట నాకూ పంపొచ్చు" అని అది కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. ఇదేమో నమ్మి ఇచ్చేస్తుంది. నెలలో ఇది మూడోసారి. ఈసారి విండోస్‌లో రన్ అనే గడిలో ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ అని కొట్టి, పాతకాలపు సౌండ్ కిటికీ తెరిచి, మానిటర్ మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేసి పారేశా.

అదే కిటికీలో చిట్టచివర కమ్యూనికేషన్స్ అని ఒక ట్యాబుంది. అది చూశాక ఇంకో మంట. కాల్ మొదలైతే మిగతా శబ్దాలు 80 శాతం తగ్గించమని ముందే టిక్ పెట్టి ఉంది. అక్కతో మాట్లాడుతూ వెనక సన్నగా పాట పెట్టుకుంటే అది నూతిలో పడ్డట్టు ఎందుకయ్యేదో ఇప్పటికి తెలిసింది. ఇన్నాళ్ళూ అక్క వాళ్ళ నెట్‌ని తిట్టుకున్నా. "ఏమీ చేయకు" అన్నదానికి మార్చేశా. మార్చి ఇక్కడ తిట్టిపోద్దామని కూర్చున్నాను కానీ, రాస్తుంటే ఆ కోపం నిలవడం లేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన ఏర్పాటట అది. కాల్‌లో అవతలి మాట వినపడాలిగా మరి. పాట పెట్టుకుని మాట్లాడే అలవాటు నాది.

అసలు సంగతికి వస్తా.

మా మొదటి కంప్యూటర్‌లో విండోస్ 98 ఉండేది. గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మని రెండుసార్లు నొక్కితే నిలువు మీటల వరస వచ్చేది. వేవ్‌కి ఒకటి, సీడీకి ఒకటి, మైక్‌కి ఒకటి. ఒక్కోదాని కింద మ్యూట్ అని చిన్న గడి. ఒకరోజు ఉన్నట్టుండి ఆటల్లో చప్పుడు పోయింది. కంప్యూటర్ లేచేటప్పటి సంగీతమూ పోయింది. సీడీ వేస్తే మాత్రం పాటలు నిక్షేపంగా వస్తున్నాయి! నాన్న టార్చిలైటు నోట్లో కరుచుకుని డబ్బా వెనకాల దూరారు. వైర్లు గుచ్చే రంధ్రాలకి ఇప్పట్లా ఆకుపచ్చ, గులాబీ రంగులు లేవు, రేకు మీద చెక్కిన చిన్న గుర్తులే. "వచ్చిందా?" "రాలేదు నాన్నా." "ఇప్పుడు?" "ఊహూఁ." రెండు సాయంత్రాలు అదే పని.

చివరికి బాగుచేసే ఆయన వచ్చి, సీడీ పెట్టి విని, ఆట పెట్టి విని, "సగం కార్డు పోయిందండీ" అని తేల్చేశాడు. కార్డంటే డబ్బా లోపల శబ్దం పుట్టించే సౌండ్ కార్డు. సగం పోవడమేమిటని ఒక్కరం అడగలేదు. కొత్త సౌండ్ కార్డు వేయించారు. అన్నీ మోగాయి. నాన్న ముఖం చూడాలి!

నెల తర్వాత, అందరూ పడుకున్నాక దొంగతనంగా ఆట ఆడుకుందామని కూర్చున్నా. చప్పుడు బయటికి పోకుండా, ఆటల శబ్దం వచ్చే వేవ్ మీట కింద మ్యూట్ మీద టిక్ పెట్టబోయి, మౌస్ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంతకు ముందూ పెట్టాను. తీయడం మర్చిపోయాను. సీడీ పాట ప్రత్యేకంగా ఓ సన్న వైరు మీదుగా నేరుగా కార్డులోకి వచ్చేది, దాని మీట వేరు, అందుకని అదొక్కటీ మోగింది. పోయిన సగం నా టిక్కే.

చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే పాత రేడియోలా ఒక్క మర ఉంటే చాలు, ఇన్ని మీటలెందుకు అని సాయంత్రం వరకూ అనుకున్నా. అదీ నిలవలేదు. నాన్నకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఇయర్‌ఫోన్స్‌లో సౌండు వంద పెట్టి కుడి చెవి కూడా పాడుచేసుకుంటున్నారు. పనిలో పనిగా సెట్టింగుల్లో మోనో ఆడియో నొక్కా. ఎడమ వైపుదీ కుడి వైపుదీ కలిపి రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది. సౌండు నలభైకి దించా. తన పాత పాటే పెట్టుకుని కాసేపు విన్నారు.

"ఇందులో వేణువు ఉందా!" అన్నారు.

ఎడమ పక్కన ఇన్నాళ్ళూ ఉండే ఉంటుంది.

కాసేపటికి తనే నవ్వుతూ, "అప్పట్లోనూ ఇలాగే పోయింది, గుర్తుందా? సగం కార్డు" అన్నారు. కళ్ళు మూసుకుని మళ్ళీ పాటలో పడ్డారు. ధైర్యం చేసి, "అది కార్డు కాదు నాన్నా, నేనే" అనేశా.

ఒక ఇయర్‌ఫోన్ తీసి, "ఆఁ? ఏమన్నావమ్మా?" అన్నారు.

"ఏం లేదు నాన్నా. నలభై చాలు, పెంచకండి."