అస్తా మన్యానా అంటే రేపు అస్తదనుకున్నా

మా పాత విద్యార్థుల గెట్ టుగెదర్ సావనీర్‌కి ఏదో ఒకటి రాయమని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు, ఏం రాయాలో తోచక పాత ఫోటోలు తిరగేస్తుంటే మా ఫేర్‌వెల్ రోజుది ఒకటి దొరికింది. అందరం చీరల్లో బిగుసుకుపోయి నిలబడ్డాం, వెనక గోడకి పసుపు చార్టు, దాని మీద స్కెచ్ పెన్నుతో "ఫియెస్తా దె దెస్పీదో", చుట్టూ చమ్కీలు. ఆ చార్టు సంగతికి తర్వాత వస్తా.

మాది హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో, స్పానిష్ బ్యాచ్. 2007లోనే సెంట్రల్ యూనివర్సిటీ అయ్యి పేరు మారినా, మేం చేరినప్పుడు తార్నాకలో ఆటోవాళ్ళకి పాత పేరు సీఫెల్ అంటేనే తెలిసేది. మొదటి రోజు క్లాస్ అయిపోయాక మేడమ్ పుస్తకం మూసి నవ్వుతూ "అస్తా మన్యానా" అంది. నాదేమో కరీంనగర్ దిక్కు, మా ఇంట్లో వస్త అనరు, అస్త అంటారు, అచ్చిండు పోయిండు అంటారు, అందుకని నేను పక్కమ్మాయితో చాలా సీరియస్‌గా "మేడమ్ రేపు గూడ అస్తదట" అన్నా. క్లాసంతా ఘొల్లుమంది.

స్పానిష్‌లో అస్తా రాసేప్పుడు ముందు హెచ్ ఉంటుంది కానీ పలకరు. అస్తా అంటే "దాకా". అస్తా మన్యానా రేపటిదాకా, అస్తా లుయేగో మళ్ళీ కలిసేదాకా, అస్తా ప్రోంతో అంటే త్వరలోనే అని. పాతబస్తీ నుంచి వచ్చే మా క్లాస్‌మేట్ "మేడమ్, ఉర్దూలో హత్తా ఉంది కదా" అనేసరికి మేడమ్ మొహం వెలిగిపోయింది, అరబీ హత్తానే అస్తా అయిందంట, 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఎక్కడో ఒకచోట ముస్లిం పాలన ఉంది మరి. "ఓహలా" కూడా అలా వచ్చిందే, అల్లా దయుంటే అనే మాటలోంచి. ఫేర్‌వెల్ కార్డుల్లో తెగ వాడేశాం దాన్ని, ఓహలా మళ్ళీ కలుద్దాం అని.

అదియోస్ మాత్రం నా నోట్లోంచి వచ్చేది కాదు. దేవుడికి అప్పజెప్తున్నా అన్నట్టు, మన ఖుదా హాఫిజ్ లాంటిదే, స్పెయిన్‌లో అయితే వీధిలో ఎదురుపడ్డవాళ్ళు ఆగకుండా పలకరింపుగా కూడా అదియోస్ అనేసి పోతారంట. తెలుసు, అయినా నాకెందుకో అదే ఆఖరు అన్నట్టు వినిపించేది. చిన్నప్పుడు గడప దాటుతూ పోతున్న అంటే నానమ్మ ఊరుకునేది కాదు, "పోతున్న అనొద్దు బిడ్డా, పోయస్త అనాలె" అనేది. అందుకే నాకు అస్తానే.

ఇప్పుడు చార్టు. వీడ్కోలు పార్టీని ఫియెస్తా దె దెస్పెదీదా అనాలి. మా జూనియర్లకి చార్టులో చోటు చాల్లేదో ఏమో దెస్పీదో అని ముగించేశారు. దెస్పీదో అంటే ఉద్యోగంలోంచి పీకేయడం! మేడమ్ సమోసా ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, తర్వాత నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మేమైతే ఆ పిల్లల్ని వారం రోజులు ఏడిపించాం, పాపం.

ఆ పాపం ఊరికే పోలేదు. మూడేళ్ళ తర్వాత గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో మెక్సికో టీమ్‌తో పనిచేసేదాన్ని, అది మానేసి వేరేదాంట్లో చేరబోతుంటే మావాళ్ళు కేక్ కోసి బాగా సాగనంపారు, ఆ సంతోషంలో మెక్సికో వాళ్ళకి మెయిల్ పెట్టా, "నిన్న నన్ను కేక్‌తో, ఎంతో ఆనందంగా మె దెస్పిదియెరొన్" అని. సాగనంపారు అనే అర్థం ఆ మాటకీ ఉంది, కాకపోతే ఆఫీస్ మెయిల్‌లో అది చదివిన ఎవరికైనా ముందు తట్టేది పీకేశారనే. అంటే కేక్ కోసి మరీ పీకేశారన్నమాట! పది నిమిషాల్లో అక్కడి లీడ్ నుంచి "కే పాసో? ఏమైంది? ఎవరితో మాట్లాడమంటావ్?" అని మెసేజ్. మె ఇసియెరొన్ ఉనా దెస్పెదీదా, నాకు వీడ్కోలు పార్టీ ఇచ్చారు అని రాసుంటే గొడవే లేకపోయేది. విషయం తెలిశాక ఆయన పంపింది ఒకటే లైను, "తె బామోస్ అ ఎక్స్‌ట్రన్యార్", నిన్ను మిస్సవుతాం అని. అదే స్పెయిన్ వాళ్ళయితే "ఎచార్ దె మేనోస్" అంటారు, మేం క్లాసులో నేర్చుకున్నది అదే, ఆ రోజు మాత్రం ఈ మెక్సికో మాటే నచ్చింది.

ఈసారి గెట్ టుగెదర్‌కి బ్యానర్ నేనే రాస్తా అని కమిటీకి చెప్పా. ముందు డ్రాఫ్ట్ పంపమన్నారు.