మామ్మ చేతిలో కొమ్ము దువ్వెన

మా మామ్మకి 92 ఏళ్ళు, 1936లో మా ఊరు పర్లాకిమిడి ఒడిశాలో కలిసేటప్పటికి పసిపిల్ల. ఇప్పుడు మతిమరుపు, దీపాలు పెట్టే వేళైతే చాలు, ఇంటికెళ్ళిపోతానని గాభరా పడిపోద్ది, ఇదే మనిల్లు మామ్మా అంటే ఇంకా కోపం. చాలా రోజులు నేనూ వాదించాను, అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. టీవీ కట్టేసి, చీకటి పడకముందే లైటు వేసేసి, గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టిస్తున్నా (ముసలి చర్మం పల్చన, వేడి సరిగ్గా తెలీదు, మన మోచేత్తో చూసాకే పెట్టాలి), తర్వాత కొబ్బరినూనె.

మొన్న బీరువాలో తన పాత కొమ్ము దువ్వెన దొరికితే చేతిలో పెట్టాను, మా ఊరి కొమ్ము పనివాళ్ళు చేసిందే. బొటనవేలితో ఒక్కో పన్నూ తడుముతూ, నున్నటి అంచుని చెంపకి రాసుకుంటూ అరగంట అలాగే కూర్చుంది, ఊపిరి కూడా నెమ్మదించింది. తర్వాత "ఇలా రాయే గుంటా, తలంతా చిక్కులు పడిపోనాది" అని నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. నా పేరు గుర్తు లేదు గానీ మూడు పాయలూ సమంగా తీసి జడేసింది, చేతులకి గుర్తుంది!

చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పాత నేతచీర మడతలెయ్యడం కూడా ఇష్టమే, మల్లెపూలైతే ఒళ్ళో పోస్తే చాలు. చింతగింజలు మాత్రం ఇవ్వను, నోట్లో పెట్టేసుకుంటాది.

ఇవాళ సాయంత్రం తనే అడిగింది, నా దువ్వెనేదే అని.