దుప్పటికీ అద్దానికీ మధ్య

ఆదివారం, రాత్రి పదకొండు.

పొద్దున దోసెల పిండి రుబ్బి, బట్టలు ఆరేసి, మధ్యాహ్నం వంకాయ వేపుడుతో భోజనం కానిచ్చి చెల్లీ నేనూ టీవీ ముందు కూర్చున్నాం. ఆర్నెల్లుగా మా సెలవు రోజులన్నీ ‘ది ఎక్స్ ఫైల్స్’కే. అంతుచిక్కని కేసుల వెంట తిరిగే ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు, మల్డర్, స్కల్లీల కథ అది, అమెరికన్ టీవీ సిరీస్. నేను ఇదివరకే అంతా చూశాను. చెల్లికి ఇదే మొదటిసారి.

ఇవాళ ఏడో సీజన్‌లో ‘ఆల్ థింగ్స్’ ఎపిసోడ్ వచ్చింది. 2000 ఏప్రిల్‌లో ప్రసారమైంది. స్కల్లీగా నటించిన జిలియన్ యాండర్సన్ తనే రాసి, తనే డైరెక్ట్ చేసింది. దీనికోసం నేను చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాను. సరిగ్గా మొదలయ్యే సమయానికి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. చెల్లి మోటారు వేయడానికి కిందికి వెళ్లింది. “నువ్వు చూస్తూ ఉండక్కా, వచ్చేస్తా” అంది. ఆపకుండా చూసేశాను.

అది వెళ్లిన ఆ రెండు నిమిషాల్లోనే ఉంది అసలు గొడవంతా. స్కల్లీ అద్దం ముందు నిలబడి బట్టలు వేసుకుంటుంది. జాకెట్ తొడుక్కుని గదిలోంచి బయటికి నడుస్తుంది. ఆ దారిలో మంచం మీద మల్డర్ నిద్రపోతున్నాడు, ఒంటి మీద చొక్కా లేదు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆ తర్వాత కథ కొన్ని రోజులు వెనక్కి వెళుతుంది.

చెల్లి వచ్చి కూర్చుని మిగతాదంతా చూసింది. స్కల్లీ మెడిసిన్ చదివేటప్పుడు ప్రేమించిన ప్రొఫెసర్ ఆసుపత్రిలో కనిపించడం, మల్డర్ పంట పొలాల్లో వలయాల కోసం ఇంగ్లండ్ వెళ్లడం, చివరికి స్కల్లీ, మల్డర్ ఇద్దరూ మల్డర్ ఇంట్లో సోఫా మీద కూర్చుని మాట్లాడుకోవడం. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె నిద్రలోకి జారుతుంది. అతను ముఖం మీద పడ్డ జుట్టు పక్కకి జరిపి, దుప్పటి కప్పుతాడు. అంతే, అయిపోయింది.

“ఎంత మంచి స్నేహమో కదక్కా” అంది చెల్లి.

ఒకే గదిలో, ఒకే ఎపిసోడ్ చూశాం. అద్దం ముందు దృశ్యం తెలిసినందుకు నాకు ఆ దుప్పటిలో ప్రేమ కనిపించింది. తెలియనందుకు దానికి స్నేహం కనిపించింది. వెనక్కి తిప్పి మొదటి రెండు నిమిషాలు చూపించాను. అయినా ఒప్పుకోలేదు. “సోఫా మీద మెడ పట్టేసి లేచి, ముఖం కడుక్కుని వెళ్లిపోయి ఉండొచ్చుగా. అతను తన మంచం మీద తను పడుకున్నాడు” అంది. తోసిపుచ్చడానికి నా దగ్గర ఏమీ లేదు. దుప్పటి కప్పడానికీ అద్దం ముందు నిలబడటానికీ మధ్య ఏం జరిగిందో ఎపిసోడ్ చూపించలేదు.

సరిగ్గా ఇదే వాదన అమెరికాలో అభిమానులు అప్పట్నుంచీ చేస్తున్నారు. వీళ్లిద్దరూ ఒక్కటి కావాలనుకున్నవాళ్లు ‘షిప్పర్లు’. రిలేషన్‌షిప్ అన్న మాట తోకలోంచి పుట్టిన పేరది. ప్రేమ వద్దన్నవాళ్లు ‘నోరోమోలు’. ఈ సిరీస్ మీద 1998లో వచ్చిన సినిమాలో ముద్దుకి వెంట్రుకవాసి దూరంలో తేనెటీగ స్కల్లీని కుట్టింది. ఆ తర్వాత సిరీస్‌లో, కొత్త సంవత్సరం వచ్చే క్షణంలో, ఆసుపత్రిలో, నిజంగానే ముద్దు పెట్టుకున్నారు. అయినా పండగ పూట ఎవరైనా పెట్టుకుంటారు అన్నవాళ్లున్నారు. సృష్టికర్త క్రిస్ కార్టర్ మొదట్నుంచీ వీళ్లని ప్రేమికులుగా చూపించకూడదనే అనుకున్నాడు. నాకు మాత్రం ఆయన బయట అన్నదానికంటే తెర మీద కనిపించేదే లెక్క. ఆ తెరే ఇంత తక్కువ చెబుతుంటే, జుట్టు సర్దిన చెయ్యి ఎంతసేపు ఆగిందో కూడా చూడాలనిపిస్తుంది. లేనిది ఊహించుకుంటున్నారని అభిమానుల్ని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. వాళ్లంత శ్రద్ధగా చూసేవాళ్లు ఎవరున్నారు?

ఈ సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో స్కల్లీ గర్భవతి అని తెలుస్తుంది. చెల్లికి చెప్పలేదు. దాని తర్వాత ఎంతోమంది నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ మళ్లీ ఈ అద్దం దగ్గరికే వచ్చారు. అది కూడా వస్తుంది.

కానీ ఒక మాట రాసుకోవాలి. వాదించేటప్పుడు నేను అద్దాన్నే సాక్ష్యంగా పట్టుకున్నాను. ఇప్పుడు ఒంటరిగా కూర్చుని తలచుకుంటే మనసులో నిలిచింది దుప్పటే. ఆ పాత ప్రొఫెసర్‌ని వదిలేసి వచ్చి, ఎవరి దగ్గర తను కళ్లు మూసుకోగలదో స్కల్లీకి తెలిసిన చోటు అది. చెల్లి స్నేహం అన్నప్పుడు అంత గట్టిగా కాదనకుండా ఉండాల్సింది.

పడుకోబోతుంటే పక్క గదిలోంచి మెసేజ్ పెట్టింది. “అక్కా, ఆ దుప్పటి అతని సోఫా మీద ఎప్పుడూ ఉంటుందా, లేక ఆమె కోసం లోపల్నుంచి తెచ్చాడా? పాత ఎపిసోడ్లు తీసి చూస్తున్నా.”