ఇంట్లో మాట తెంపుకునే ముందు చేసుకోవాల్సిన కాగితాలు: నా అనుభవం

మాది నల్లగొండ దగ్గరి ఊరు. నాయిన చర్చి సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన తప్పవు. బొట్టు, సినిమా, బతుకమ్మ అన్నీ ‘లోకం’ (దేవునికి దూరం చేసేవి) కిందికే వస్తయి. నేను విశ్వాసం మీద వాదనతో మొదలుపెట్టిన. అది తప్పు. మన పేరు మీద నంబరు, ఖాతా, ఉండేందుకు చోటు లేకముందే వాదన పెడితే ముందు ఫోను గుంజుకుంటరు, తర్వాత చదువు ఆగుతది.

18 నిండగానే సిమ్ తీసుకోవాలె. అంతకుముందు మన పేరు మీద ఇయ్యరు. ఆ నంబరు ఆధార్‌లో ఎక్కించాలె, లేకుంటే ప్రతి ఓటీపీ నాయిన ఫోనుకే పోతది. దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్) సీటుకు రిజిస్టర్ చేసుకున్నా అంతే. దీనికి ఆధార్ కేంద్రానికి మనమే పోయి చేయించుకోవచ్చు. వేలిముద్ర, 75 రూపాయలు చాలు, వేరే కాగితం అడగరు. పేరు కూడా అప్పుడే చూసుకోండి. ఇంట్లో పిలిచే బైబిలు పేరు ఆధార్‌లో, బడి పేరు పదో తరగతి మెమోలో ఉంటే దరఖాస్తు ఆగుతది. మెమోలో ఉన్నట్టే ఆధార్‌ను మార్చుకోవాలె. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తరు.

నా మైనర్ ఖాతాకు నాయిన గార్డియన్. 18 నిండినంత మాత్రాన అది మన చేతికి రాదు, కొత్త ఫోటో, సంతకం, కేవైసీ ఇయ్యాలె. నేను వేరే బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి, ఆధార్ సీడింగ్ (ఆ ఖాతాను ఆధార్‌కు జోడించుడు) మరిచిన. ఆధార్ మీద వేసే సర్కారు డబ్బు చివరిసారి సీడింగ్ అయిన ఖాతాకే పోతది. స్కాలర్‌షిప్ పాత ఖాతాల పడ్డది, మెసేజ్ నాయినకు పోయింది.

ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఇంటివాళ్లు లేకుండా కాదు, లెక్క నాయిన ఆదాయందే. కుల పత్రం కూడా అంతే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కుటుంబాలు మన దగ్గర బీసీ-సి. ఈ రెండూ ఇల్లు సల్లగున్నప్పుడే మీసేవలో తీసి పెట్టుకోండి. కొట్లాట నడుమ అడగలేం.

ఆ మొదటి వాదన తర్వాత, హాస్టల్ సీటు చేతికొచ్చినంకనే మళ్లీ నోరు విప్పిన. ‘ఆరాధనకు రాను’ అనలేదు, ‘నెలకు రెండు ఆదివారాలు వస్త’ అన్న. నాయిన ‘లోకంల పడ్డవ్ బిడ్డా’ అని వారం రోజులు మాట్లాడలే. కానీ ఫీజు ఆపలే. కొట్టినా, గదిల పెట్టి తాళమేసినా మాత్రం ఈ ఓపిక పట్టొద్దు: 18 లోపు అయితే 1098, ఆడపిల్లలకు 181, ఎవరికైనా 112.